ఎడమ కాలి ఆట – మన ఎదుగుదలకు కొలత ఏది?

  గడచిన వారములలో మీరు వ్రాసిన ఉత్తరములు నాకు అందినవి. వాటిలో ఒక దానిని ఈ దినము మీ ముందు ఉంచాలని ఆశపడుచున్నాను. వ్రాసిన సహోదరుని అనుమతితోనే చెబుతున్నాను గాని ఆయన పేరు మాత్రము చెప్పను.

ఆయన హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు దగ్గరగా ఉన్న లాడ్ బజారులో ఒక గాజుల దుకాణములో లెక్కలు వ్రాసే యౌవనస్థుడు. లాడ్ బజారు మీలో చాలామందికి తెలుసు. లక్కను నిప్పుల మీద మెత్తబరచి, గుండ్రముగా వంచి, దాని మీద ఒక్కొక్క రాయిని చేతితో అతికించే గాజులు అక్కడివి. ఈ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చినది. ఈ తమ్ముని సమస్య గాజులు కాదు. నలుగురిలో లేచి మాట్లాడాలంటే ఆయనకు గొంతు వణుకుతుంది. చెమటలు పడతాయి. మందిరములో వాక్యభాగము చదవమని ఎవరైనా పిలుస్తారేమోనని వెనుక బల్ల మీద, స్తంభము చాటున కూర్చుంటాడట.

ఈ బలహీనత పోవాలని ఆయన వ్యక్తిత్వ వికాస శిక్షణలో చేరాడు. ఆదివారము మధ్యాహ్నములు తరగతులు. ఒక సంవత్సరము అయిపోయింది, రెండవది అయిపోయింది, మూడవది కూడా అయిపోయింది. ఫీజుల కొరకు వాళ్ల అమ్మగారు చీటీ పాడి డబ్బు ఇచ్చారు. ఇప్పుడు నాల్గవ సంవత్సరము ఫీజు కట్టవలసిన సమయము వచ్చింది. ఆయన వ్రాసిన మాటల సారాంశము ఇది: అయ్యగారూ, మూడు సంవత్సరములు శిక్షణ పొందాను. ఇప్పటికీ నా గొంతు వణుకుతూనే ఉన్నది. నాతో పాటు చేరినవారు స్టేజీ మీద నవ్వుతూ మాట్లాడుతున్నారు. నేను ఎదిగానా, లేదా? లేకపోతే మా అమ్మ డబ్బు వృథా చేశానా?

ఈ ఉత్తరమునకు రెండు ముక్కలలో జవాబు చెప్పి, ధైర్యముగా ఉండు తమ్ముడూ అని ముగించవచ్చును. కాని ఆ తమ్ముడు అడిగినది ధైర్యము కాదు. అతడు లెక్క అడిగాడు. లెక్కలు వ్రాసేవాడు కదా! ఎదుగుదలను ఎట్లు కొలవాలి అని అడుగుచున్నాడు. అందుకే మనము ఈ విషయమును కొంచెము నిదానముగా చూద్దాము.

అఫ్జల్‌గంజ్ నుండి నయాపూల్ మీదుగా మూసీ దాటి పాతబస్తీలోనికి వెళ్లేవారికి కుడిచేతి వైపు హైకోర్టు భవనము కనబడుతుంది. దాని ప్రక్కనే సిటీ కాలేజీ. ఆ కాలేజీ భవనములో 1921 నుండి చదువులు జరుగుచున్నవి. ఒకప్పుడు ఆ కాలేజీలో చదివినవారు, చదువుచున్నవారు కలిసి ఎలెవెన్ హంటర్స్ అనే ఫుట్‌బాల్ జట్టు పెట్టుకున్నారు. ఆ జట్టులో ఆడిన యువకులలో ఒకరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులోనే పుట్టారు. వృత్తి చేత బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు – ఇవి ఆయన పిల్లలకు పాఠములు చెప్పిన బడులు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, పిల్లలకు ఆటలు నేర్పించారు. అందరూ ఆయనను రహీం సాహెబ్ అనేవారు.

మీలో పెద్దవారికి ఈ పేరు జ్ఞాపకముండవచ్చును. 2024లో ఆయన జీవితము మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది కాబట్టి యౌవనస్థులలో కొందరికీ తెలిసియుండవచ్చును. ఆయన తర్ఫీదు ఇచ్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పు గెలిచింది. 1950 నుండి 1963లో మరణించే వరకు భారతదేశపు జట్టును నడిపించినవారు కూడా ఆయనే. ఆయన గెలిచిన కప్పుల జాబితా చదవటము నా ఉద్దేశము కాదు. ఆయన శిక్షణ ఇచ్చిన పద్ధతిలో ఒక సంగతి ఉన్నది. మన తమ్మునికి కావలసినది అదే.

రహీం సాహెబ్ హైదరాబాదులో విచిత్రమైన పోటీలు పెట్టించారు. ఒక పోటీలో బంతిని కాలితో నడిపించుకుంటూ పోకూడదు. అందుకోగానే తోటివానికి ఇచ్చివేయాలి. మరొక పోటీలో బలమైన కాలితో బంతిని తన్నకూడదు. కుడికాలి వాటము గలవాడు ఎడమ కాలితోనే ఆడాలి, ఎడమకాలి వాటము గలవాడు కుడికాలితోనే ఆడాలి. సరదాగా ఒక పూట ఆడించి వదిలివేయలేదు, పోటీలుగానే జరిపించారు.

ఒక్కసారి ఊహించండి. కుడికాలితో బంతిని గురిపెట్టి కొడితే గోలు తప్పని ఆటగాడు ఉన్నాడు. వాడ వాడంతా వాడిని మెచ్చుకుంటుంది. ఇప్పుడు వాడు ఎడమ కాలితో తన్నితే బంతి ఎటో పోతుంది. చూసేవారు నవ్వుతారు. నిన్నటి వీరుడు ఈ రోజు అయిదేండ్ల పిల్లవానివలె తడబడుతున్నాడు. వాడు ఇంటికి పోయి ఏమనుకుంటాడు? నా ఆట చెడిపోయింది అనుకుంటాడు. నిజానికి ఆ వారములోనే వాడి ఆట పెరుగుట మొదలైనది! రెండు కాళ్లతో ఆడగలవానిని ఎదుటి జట్టువాడు ఒక ప్రక్కకు నెట్టి ఆపలేడు.

గమనించారా? మనలో చాలామందిమి శిక్షణ అనే పేరుతో కుడికాలితోనే ఆడుకుంటాము. పాడటము వచ్చినవాడు ఇంకొక పాట నేర్చుకుంటాడు. మాట్లాడటము వచ్చినవాడు మాటల తరగతికి పోతాడు. హాయిగా ఉంటుంది, చప్పట్లు కొడతారు, సర్టిఫికెట్లు వస్తాయి. ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1993లో తన తోటివారితో కలిసి బెర్లిన్ నగరములో వయొలిన్ నేర్చుకునే విద్యార్థుల సాధనను గూర్చి ఒక వ్యాసము ప్రచురించాడు. ఎన్నో గంటలు వాయించినంత మాత్రమున చాలదు, తనకు రాని భాగమును ఏరుకుని, తప్పు చూపించేవారి యెదుట, శ్రద్ధతో మరల మరల చేయుట వేరు అని ఆ పరిశోధకులు చెప్పారు. అటువంటి సాధన సరదాగా ఉండదని కూడా చెప్పారు. మన హైదరాబాదు బడిపంతులు అప్పటికి ఎన్నో ఏండ్ల ముందే మట్టి మైదానములో ఆ పని చేయించారు.

మన తమ్ముడు ఎన్నుకున్నది అతని ఎడమ కాలిని. మూడు సంవత్సరములుగా ఎడమ కాలితో ఆడుచున్నాడు. ప్రక్కనున్నవారు కుడికాలితో ఆడుతున్నారేమో అతనికి ఎట్లు తెలుసు? పుట్టుకతోనే మాటకారి అయినవాడు కూడా అదే తరగతిలో చేరవచ్చును కదా.

సరే, అది ఒక సంగతి. రెండవ సంగతి ఇంకా ముఖ్యమైనది.

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫుట్‌బాల్ ఫైనలులో మన దేశము ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకము గెలిచింది. దేశమంతా సంతోషము. మరుసటి సంవత్సరము, 1952లో, ఫిన్లాండు దేశములోని హెల్సింకీలో ఒలింపిక్స్. మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండా వట్టి కాళ్లతో ఆడారు. చలి దేశము, ఎదుట యుగోస్లావియా జట్టు. ఫలితము ఎంతో తెలుసా? 10-1. అవును, పది గోల్స్ తిన్నారు. బంగారు పతకము గెలిచి ఒక్క సంవత్సరమైనది! ఆ తరువాతనే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. రహీం సాహెబ్ ఊరకనే తలదించుకుని రాలేదు. అదే ఒలింపిక్స్‌లో హంగేరీ జట్టు ఆటను గమనించి, ముందు వరుసలోని ఆటగాడిని కొంచెము వెనుకకు జరిపి ఆడించే వారి విధానమును తన జట్టుకు నేర్పించారు.

నాలుగేండ్లు గడిచాయి. 1956లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్. మన జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనలులో ఎదురుపడినది ఎవరు? మరల అదే యుగోస్లావియా! మొదటి గోలు మనదే. డిసౌజా కొట్టాడు. తరువాత వారు పుంజుకున్నారు. చివరకు 4-1తో మనము ఓడిపోయాము. మూడవ స్థానము కొరకు ఆడిన ఆటలో కూడా బల్గేరియా చేతిలో 3-0తో ఓడాము. నాల్గవ స్థానము వచ్చినది, పతకము రాలేదు.

ఇప్పుడు చెప్పండి. 1952లో యుగోస్లావియా మీద ఓటమి. 1956లో యుగోస్లావియా మీద ఓటమి. గెలిచామా, ఓడామా అనే గడి ఒక్కటే ఉన్న లెక్కపుస్తకములో ఈ రెండూ ఒకటే. అందులో ఎదుగుదల కనబడదు. కాని ప్రక్కనే ఇంకొక గడి గీసి గోల్స్ వ్రాయండి. అప్పుడు పది, ఇప్పుడు నాలుగు. అప్పుడు ఆట మొదటి నుండి వారి వెనుక పరుగెత్తాము, ఇప్పుడు కొంతసేపు వారే మన వెనుక పరుగెత్తారు. ఎదుటివారు ఒక్కరే కాబట్టి ఈ కొలత సాధ్యమైనది. 1951లో ఇరాన్ మీద గెలిచిన దానిని 1956లో యుగోస్లావియా చేతిలో ఓడిన దానితో పోల్చి చూస్తే మనము దిగజారామనే అనుకుంటాము.

నా ప్రియ సహోదరీ సహోదరులారా, మనము చేసే పొరపాటు ఇక్కడే ఉన్నది. ఈ సంవత్సరపు నన్ను నిరుటి నాతో పోల్చను. ఈ సంవత్సరపు నన్ను ప్రక్కింటివానితో పోలుస్తాను. పోల్చి, ఏడుస్తాను. లేకపోతే పోల్చి, గర్వపడతాను. రెండింటిలోనూ నా ఎదుగుదల గూర్చి నాకు ఒక్క ముక్క తెలియదు.

ఈ తమ్ముడు ఫోను నంబరు కూడా వ్రాశాడు కాబట్టి ఫోను చేశాను. బాబూ, నీవు శిక్షణలో చేరిన మొదటి నెలలో ఏమైనా వ్రాసుకున్నావా అని అడిగాను. ఒక నోటు పుస్తకము ఉన్నదన్నాడు. వెదికి, ఆ సాయంత్రము నాకు చదివి వినిపించాడు. మొదటి దినము అందరి యెదుట నిలబడి ఒక పేరా చదవమన్నారట. నాలుగు వరుసలు చదివి, అయిదవ వరుసలో నోరు ఎండిపోయి కూర్చున్నాడట. మరి ఇప్పుడో అని అడిగాను. గత నెలలో మందిరములో వాక్యభాగము చదివే వంతు వచ్చింది, పారిపోలేదు, అధ్యాయమంతా చదివాను, కాని గొంతు వణికింది అయ్యగారూ అన్నాడు. గొంతు వణికింది అని మూడుసార్లు చెప్పాడు. అధ్యాయమంతా చదివాను అని ఒక్కసారి చెప్పాడు! ఫోనులో నాకు నవ్వు వచ్చింది. అది 4-1 కదా బాబూ అన్నాను. అతనికి అర్థము కాలేదు. అందుకే ఈ ప్రసంగము.

అయితే ఇంకొక ప్రశ్న ఉన్నది. ఒక సంవత్సరము కష్టపడినా ఏమీ కదలకుండా ఉండే కాలములు ఉంటాయి. వాటి సంగతి ఏమిటి? రేడియో వినేవారికి తగిన ఉదాహరణ ఒకటి చెబుతాను. రేడియో రాకముందు తంతి ఉండేది. 1897లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయములో విలియం లో బ్రయాన్, నోబుల్ హార్టర్ అనే ఇద్దరు, తంతి పని నేర్చుకునేవారు వారము వారము ఎంత వేగము సాధిస్తున్నారో కొలిచారు. హార్టర్ స్వయముగా తంతి పని చేసినవాడే. కట్ట కడా అని సంకేతములు పంపించుటలో నేర్పు క్రమముగా పెరిగింది. కాని వచ్చే సంకేతములు విని వ్రాసుకొనుటలో వింత కనబడింది. కొన్నాళ్లు పెరిగి, తరువాత వారముల తరబడి నిలిచిపోయింది. గీత నేల మీద పరచినట్లు చదునుగా ఉన్నది. ఎంత సాధన చేసినా కదలదు. ఆ తరువాత అకస్మాత్తుగా పైకి లేచింది.

ఆ చదునైన వారములలో ఏమి జరిగింది? నేర్చుకునేవాడు మొదట అక్షరము అక్షరముగా వింటాడు. తరువాత మాట మాటగా వినగలుగుతాడు. తరువాత వాక్యములుగా వినగలుగుతాడు. ఒక మెట్టు మీద నుండి పై మెట్టు మీదికి పోవుటకు క్రింది పని ఆలోచించకుండా జరిగేంత అలవాటు కావాలి. ఆ అలవాటు లోలోపల కుదురుకుంటున్నప్పుడు పైకి ఏమీ కనబడదు అని వారు వివరించారు. అందరికీ ఈ చదును రావలసిందేనా అని తరువాతి పండితులు అభ్యంతరము చెప్పారు. వారి మాట కూడా నిజమే కావచ్చును. అన్ని పనులలోనూ రాదు. కొన్నిసార్లు చదునుగా ఉండుటకు కారణము లోపల ఏదో కుదురుకొనుట కాదు, ఊరకనే అలవాటు చొప్పున చేసుకుంటూ పోవుటే. తేడా ఎట్లు తెలుసుకోవాలి? ఇంకా తప్పులు చేస్తున్నావా, కొత్త తప్పులు చేస్తున్నావా అని చూసుకోవాలి. పాత తప్పులే, అదే చోట, అదే విధముగా చేస్తున్నావంటే నీవు కూర్చుండిపోయావని అర్థము.

ఇప్పుడు కొంచెము కఠినమైన మాట ఒకటి చెప్పాలి. శిక్షణా తరగతులు నడిపేవారు వింటున్నట్లయితే నా మీద కోపపడవద్దని మనవి.

ఎదుగుదల లేకపోయినా ఎదిగామనిపించుట చాలా సులభము. కెనడా దేశములో వాటర్లూ విశ్వవిద్యాలయమునకు చెందిన మైకేల్ రాస్, ఆయనతో పాటు మైకేల్ కాన్వే, 1984లో ఒక పరిశోధన ప్రచురించారు. చదువుకునే నైపుణ్యము పెంచుకునే శిక్షణకు విద్యార్థులు చేరారు. చేరకముందు, నీ నైపుణ్యము ఎంత ఉన్నది అని అడిగి వారి చేతనే మార్కులు వేయించారు. శిక్షణ ముగిసిన తరువాత, మొదట నీవు ఎన్ని మార్కులు వేసుకున్నావో జ్ఞాపకము చేసుకుని చెప్పు అన్నారు. శిక్షణ పొందినవారు ఏమి చేశారో తెలుసా? మొదట వేసుకున్నదానికంటె తక్కువ వేసుకున్నామని చెప్పారు! అప్పుడు నేను చాలా అధ్వాన్నముగా ఉండేవాణ్ణి, ఇప్పుడు బాగుపడ్డాను అన్నారు. పరీక్షలలో వారి మార్కులు మాత్రము పెరగలేదు. శిక్షణకు పేరు ఇచ్చి ఇంకా చోటు దొరకక వేచియున్నవారిలో ఈ పొరపాటు కనబడలేదు.

ఎంత సూక్ష్మముగా ఉన్నది చూడండి! ఈ రోజు మనము పెరిగి నిలబడలేకపోతే, నిన్నటి మనలను గుంటలో నిలబెడుచున్నాము. అబద్ధము చెప్పాలని కాదు. డబ్బు కట్టాము, ఆదివారములు ఖర్చు చేశాము, అంతా వృథా అని ఒప్పుకొనుటకు మనస్సు అంగీకరించదు. మన సాక్ష్యములలో కూడా ఈ ప్రమాదము ఉన్నదని నేను భయపడుచున్నాను. పూర్వపు జీవితమును ఎంత నల్లగా పూస్తే ఇప్పటి జీవితము అంత తెల్లగా కనబడుతుంది. వినేవారు కూడా అదే కోరుకుంటారు. ఇరువది ఏండ్లుగా ఒకే సాక్ష్యము చెప్పేవారి కథలో మొదటి భాగము ఏటేటా ఇంకొంచెము నల్లబడుచున్నదా అని ఎవరైనా చూశారా? నేను చూశాను, పేర్లు చెప్పను.

మన తమ్ముడు ఈ మోసములో పడలేదు. ఎదగలేదేమోనని భయపడినవాడు, ఎదిగానని గొప్పలు చెప్పుకునేవానికంటె నిజమునకు దగ్గరగా ఉన్నాడు. అతనిని కాపాడినది అతని నోటు పుస్తకము. మూడేండ్ల క్రిందటి సిరాతో వ్రాసిన నాలుగు వరుసలు అన్న మాటను ఇప్పటి మనస్సు రెండు వరుసలుగా దిద్దలేదు.

మన తెలుగు బైబిలులో తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో సాధకము అనే మాట ఉన్నది. సంగీతము నేర్చుకునేవారు తెల్లవారుజామున కూర్చుని చేసే సాధకము కూడా అదే మాట. గ్రీకులో ఆ చోట ఉన్న మాట వ్యాయామశాలకు సంబంధించినది. పౌలు శరీర సాధకమును తృణీకరించలేదు, దాని విలువ కొంతవరకే అన్నాడు. పౌలుకు ఆటలు తెలియవని అనుకోవద్దు. కొరింథు పట్టణమునకు దగ్గరలో రెండేండ్లకు ఒకసారి ఇస్త్మియన్ క్రీడలు జరిగేవి. గెలిచినవానికి పైన్ ఆకులతో అల్లిన కిరీటము పెట్టేవారు. పరుగుపందెము, ముష్టియుద్ధము గూర్చి ఆ సంఘమునకు ఆయన వ్రాసినప్పుడు చదివినవారికి వెంటనే అర్థమైయుంటుంది. నాకు ఆశ్చర్యము కలిగించే విషయము ఇంకొకటి ఉన్నది. తిమోతి యొక్క అభివృద్ధి ఇతరులందరికీ కనబడాలని అదే పత్రికలో పౌలు కోరాడు. తిమోతికి కనబడాలని అనలేదు. ఎదుగుచున్నవానికి తన ఎదుగుదల సరిగా కనబడదు. పిల్లవాని పొడుగు పిల్లవానికి తెలియదు, సెలవులకు వచ్చిన మేనమామకు తెలుస్తుంది.

ఈ మాట ఇతరులకు చెప్పుట సులభము. కాబట్టి నా సంగతి కూడా చెప్పాలి. ఆ తమ్మునితో ఫోనులో మాట్లాడిన తరువాత నాకు ఒక ఆలోచన వచ్చింది. నేను రేడియోలో మాట్లాడుట మొదలుపెట్టిన కాలపు క్యాసెట్లు బీరువా పైన ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. మొదటి రోజులలో నేను తడబడేవాడినని, ఇప్పుడు బాగా మాట్లాడుచున్నానని నా గట్టి నమ్మకము. అనేకమంది యౌవన సేవకులకు ఆ మాట చెప్పి ధైర్యపరచాను కూడా. సరే, ఒకటి తీసి, పాత టేప్ రికార్డరును బాగుచేయించి, నేనూ నా భార్యా కూర్చుని విన్నాము.

ప్రియులారా, ఆ క్యాసెట్టులోని మనిషి తడబడలేదు. నిదానముగా మాట్లాడాడు. ఒక మాట చెప్పి ఆగాడు. ఆ ఆగిన చోట, రేడియో అవతల ఎవరో ఆలోచిస్తున్నారని ఎరిగినవానివలె ఆగాడు. ఆ తరువాత గత నెల ప్రసంగమును విన్నాము. మాటలు ధారాళముగా ఉన్నాయి. ఉదాహరణలు ఎక్కువ ఉన్నాయి. ఎక్కడా ఆగుట లేదు. నా భార్య కొంతసేపు మౌనముగా ఉండి, అప్పుడు మీరు ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఉండేది, ఇప్పుడు మాట్లాడుతున్నట్టు మాత్రమే ఉంది అన్నది. ఆ రాత్రి నేను భోజనము సరిగా చేయలేదని ఒప్పుకుంటున్నాను. ఇన్ని సంవత్సరములు నేను కుడికాలితోనే ఆడాను. మాట్లాడుట నా కుడికాలు. ఎదుటివారి కొరకు ఆగుట, వినుట నా ఎడమ కాలు. దానిని నేను నేల మీద మోపలేదు.

రహీం సాహెబ్ చివరి సంవత్సరము గూర్చి చెప్పి ముగిస్తాను. 1962, ఇండోనేసియాలోని జకార్తా, ఆసియా క్రీడలు. అప్పటికే ఆయన క్యాన్సరు వ్యాధితో బాధపడుచున్నారు. మొదటి ఆటలోనే మన జట్టు దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయింది. ఆ తరువాత థాయిలాండు మీద, జపాను మీద, దక్షిణ వియత్నాము మీద గెలిచి ఫైనలుకు వచ్చారు. ఫైనలులో ఎదురుపడినది మరల ఆ దక్షిణ కొరియానే. జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడియున్నాయి. వెనుక వరుసలో ఆడే అతనిని రహీం సాహెబ్ ముందు వరుసలో పెట్టారు. గోలులో నిలబడిన పీటర్ తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ మన హైదరాబాదు, సికింద్రాబాదు ప్రాంతములవారు. ప్రేక్షకులు లక్షమంది వరకు ఉన్నారు. క్రీడల రాజకీయముల మూలముగా వారు ఆ రోజు మన దేశము మీద కోపముగా ఉన్నారు. మొదట పి.కె. బెనర్జీ, వెంటనే జర్నైల్ సింగ్ గోలు కొట్టారు. 2-1తో మన జట్టు గెలిచింది. కొన్ని దినముల క్రితము తమను ఓడించిన అదే జట్టు మీద. 1963 జూన్ 11న రహీం సాహెబ్ కన్నుమూశారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశమునకు మరల బంగారు పతకము రాలేదు.

మన తమ్మునికి నేను ఇచ్చిన జవాబు ఇది. నాల్గవ సంవత్సరము ఫీజు కట్టవద్దు, ఆ డబ్బు అమ్మగారి చేతికి ఇచ్చివేయి. ఆ తరగతి చెడ్డదని కాదు, అది నేర్పవలసినది నేర్పింది. ఇక నీకు కావలసినది మందిరములోని ఆ బల్ల, ఆ మైకు, ఆ జనము. నెలకు ఒకసారి చదివే వంతు అడిగి తీసుకో. గొంతు వణికితే వణకనివ్వు. చదివిన రాత్రి ఏమి జరిగిందో నోటు పుస్తకములో వ్రాసుకో. ఎంతవరకు చదివావు, ఎక్కడ ఆగావు, తల ఎత్తి ఎవరినైనా చూశావా? బాగా చదివాను, చెడగా చదివాను అని మాత్రము వ్రాయవద్దు. సంవత్సరము తరువాత నాకు ఉత్తరము వ్రాయి, ఇద్దరమూ కలిసి లెక్క చూద్దాము. సరే అన్నాడు. స్తంభము చాటు నుండి రెండు బల్లలు ముందుకు జరిగానని మొన్న ఒక కార్డు కూడా వ్రాశాడు.

నా విషయములో ఒక ఏర్పాటు చేసుకున్నాను. ఇకనుండి రికార్డింగునకు నా భార్య కూడా వచ్చి గాజు పలక అవతల కూర్చుంటుంది. నేను ఆగకుండా పరుగెత్తినప్పుడు చెయ్యి ఎత్తమని చెప్పాను. ఈ రోజు రెండుసార్లు ఎత్తింది. ఇది మూడవది.